బిడ్డ ముందర ఎవరూ తినని ఇల్లు

నా ఉద్యోగం పేరు హెల్త్ విజిటరు. పేరులో విజిటరు ఉంది కాబట్టి చుట్టపుచూపుగా వెళ్లి వచ్చే పని అనుకుంటారు. నేను చేసింది ఎక్కువ భాగం నడక. కావలి నుంచి బస్సులో కొంత దూరం, కాలువ రేవులో పడవ కోసం పడిగాపులు, దాటాక సరుగుడు తోటల మధ్య ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పోవడం. చేతిలో మందుల సంచీ, భుజాన బిడ్డల్ని తూచే త్రాసు. అప్పుడు ఆ ఇసుకను తిట్టుకుంటూ నడిచాను, ఇప్పుడు నా మోకాళ్లు నన్ను తిడుతున్నాయి.

మా వీధిలో ఒక అమ్మాయి నర్సు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతోంది. "అమ్మమ్మా, నీ అనుభవాలు రాసిపెట్టవా, చదువుకుంటాను" అని అడిగింది. బదిలీలు, ప్రమోషన్లు, సన్మానాలు రాయమంటే నా వల్ల కాదు. అందులో ఆ పిల్ల తెలుసుకోవాల్సిందేమీ లేదు. మనసులోంచి పోని సంగతి ఒకటుంది, అది రాస్తాను. పాలు తాగే బిడ్డకు కూడు అలవాటు చేయడం గురించి.

అదీ ఒక పనేనా అనుకోవద్దు. నేను చేరిన కొత్తల్లో, అంటే యాభైల చివర, అరవైల మొదట్లో, మా తీరం వెంబడి పురిట్లో పోయిన బిడ్డలు ఒక ఎత్తు, పాలు మాని కూడు మరిగేలోపల పోయిన బిడ్డలు ఒక ఎత్తు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న బిడ్డే ఏడాది తిరిగేసరికి చర్మం వేలాడుతూ కనిపించేది. ఆ వయసు బిడ్డ ఎదురైతే ఇప్పటికీ నా చూపు ముందు ఆ బిడ్డ జబ్బల మీదికే పోతుంది. పెళ్లిళ్లలో కూడా అంతే. ఏం చేస్తాం, అలవాటైపోయింది.

పాఠం, పాలపొడి

ట్రైనింగులో మాకు నేర్పిన పాఠం వినడానికి బాగుండేది. యాపిల్ పండు ఉడికించి గుజ్జు చేయాలి, క్యారెట్టు రసం తీయాలి, గుడ్డులో పచ్చసొన వేరు చేయాలి, చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. నేను తిరిగిన జాలరి పాలేలలో యాపిల్ పండు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. చెంచా ఇంటింటికీ ఉండేది కాదు. మొదటిసారి ఆ క్లాసు చెప్పినప్పుడు ఒక ముసలామె ఓపికగా చివరిదాకా విని, "ఆ పండు మా వలలో పడదు గదమ్మా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆ క్లాసు మళ్లీ చెప్పలేదు.

మా సెంటరు డాక్టరు గారు మంచివాడే. ఒక్క మనిషికి వరండా నిండా రోగులు, పొద్దుగూకేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. ఏ బిడ్డ గురించి చెప్పినా ఆయన నోట ఒకటే మాట: "పాలపొడి ఇవ్వు, తల్లికి బుద్ధి చెప్పు." పాలపొడి పెద్ద డబ్బాల్లో వచ్చేది, సరుకూ మంచిదే. కానీ పాలెంలో తాగేది ఇసుకలో గుంట తవ్వి తోడుకున్న చెలమ నీళ్లు. పొయ్యిలోకి పుల్లలే కరువైనచోట, రోజుకు నాలుగుసార్లు నీళ్లు కాచి చల్లార్చి కలపమంటే కలిపేదెవరు? పచ్చి నీళ్లలో కలిపి పట్టేవాళ్లు, మర్నాడు విరేచనాలని మా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆ మాట చెబితే డాక్టరు గారు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటూ, "మరేం చేద్దామంటావమ్మా?" అనేవారు.  అంతలో వరండాలోంచి ఎవరో పిలిచేవారు, ఎవరి పనికి వాళ్లం పోయేవాళ్లం.

తల్లికి బుద్ధి చెప్పమనే మాట మాత్రం నాకు మొదటినుంచీ గిట్టలేదు. బుద్ధి లేక ఏ తల్లీ బిడ్డను ఎండబెట్టుకోదు.

గంగ

జువ్వలదిన్నె దగ్గరి ఒక పాలెంలో సుబ్బులు అనే అమ్మాయి ఉండేది. మొగుడు తెప్ప మీద వేటకు పోతే, తెచ్చిన చేపల్ని తట్టలో పెట్టుకుని ఊళ్ల మీద అమ్ముకొచ్చేది. తెల్లవారి పోతే మధ్యాహ్నం దాటాక రావడం. అందాకా బిడ్డను చూసుకునేది అత్త పోలమ్మ. బిడ్డ పేరు గంగ. ఏడాది ఇంకా నిండలేదు.

నేను మొదటిసారి చూసినప్పుడు గంగ గుడ్డ ఉయ్యాల్లో తూకానికి వేలాడుతూ ఏడవను కూడా లేదు. ఏడ్చే ఓపిక లేని బిడ్డను చూస్తే నాకు భయం. సుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"మళ్లీ నెల తప్పినా అక్కా," అంది చిన్నగా. "కడుపుతో ఉండేదాని పాలు బిడ్డకి విషమంట గదా. మా అత్త వేపాకు నూరి రొమ్ముకి పూసింది. అప్పుట్నించి ఇది పాలు దాగదు, కూడు దినదు. ఏం బెట్టినా నోరు దెరవదు."

సంగతి ఇదీ. పాలు పోయాయి, కూడు ఇంకా రాలేదు. ఈ రెండింటి మధ్య ఎండిపోయిన బిడ్డల్ని నేను అప్పటికే చాలామందిని చూశాను, గంగకు కూడా ఎక్కువ వ్యవధి లేదని చూడగానే తెలిసింది. ముందు వేపాకు కడిగించాను. "పాలు విషం కావు, నీకు తగ్గుతాయి అంతే. ఉన్నన్నాళ్లు ఇవ్వు, పొద్దునా రాత్రీ" అన్నాను. సుబ్బులు అత్త వంక చూసింది. పోలమ్మ పొయ్యి దగ్గర్నించి లేచి మిగిలిన వేపాకు ముద్ద బయట పారేసింది. అంటే ఒప్పుకున్నట్టే అనుకోవాలి, ఆమె దగ్గర అంతకన్నా ఎక్కువ దొరకదు.

గంగ మళ్లీ కొంచెం పాలు తాగింది. కూడు దగ్గరే చిక్కు. "ఎట్టా పెడతావో చూపించవ్వా" అన్నాను పోలమ్మను. ఆమె తలుపు మూసింది. మూల చీకట్లో కాళ్లు బారచాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పైన పాత చీర కప్పింది. ఒక చేత్తో బుగ్గలు నొక్కి పట్టి ముక్కు మూసింది. ఊపిరికి నోరు తెరిచినప్పుడల్లా ఉగ్గుగిన్నెతో రాగిజావ పోసింది. ఆముదం కూడా అట్లాగే పోసేది, మందు కూడా అట్లాగే. గంగ గుక్కపట్టి, ఉక్కిరిబిక్కిరై, మింగినదానికన్నా ఎక్కువ కక్కేసింది. పోలమ్మ ఒంటి నిండా జావ, కళ్ల నిండా నీళ్లు.

"సూసినావా నర్సమ్మా, దీని మొండితనం!"

నేను ఆమెను కోప్పడలేదు. ఆమెను పెంచినప్పుడూ అట్లాగే పోసుంటారు. నన్నూ అట్లాగే పెంచారు, మా అమ్మ చెప్పేది. చాలామంది బిడ్డలకు అది సరిపోతుంది, కొందరికి సరిపోదు. పోయడం మానిపించి, బిడ్డను కూర్చోబెట్టి వేలితో కొంచెం మెత్తటి అన్నం నాకించబోయాను. చెయ్యి మొహం దగ్గరికి రావడమే ఆలస్యం, గంగ పెదాలు బిగించి తల తిప్పేసింది. మరుసటి వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. నాకు తెలిసిన విద్య అక్కడితో అయిపోయింది.

నా క్యారియరు

ఒకరోజు బస్సు దారిలో ఆగిపోయింది. మామూలు నడక కాక ఇంకా ఎక్కువ నడిచి పాలెం చేరేసరికి నాకు కళ్లు తిరుగుతున్నాయి. మామూలుగా నేను సరుగుడు తోటలో కూర్చుని అన్నం తినేదాన్ని. ఆరోజు అంతదూరం వెనక్కి పోయే ఓపిక లేక పోలమ్మ గడపలోనే చతికిలబడి క్యారియరు విప్పాను. పెరుగన్నం, మాగాయ ముక్క. పోలమ్మ నీళ్లకు పోయింది. గంగ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

రెండు ముద్దలు తిన్నాక చూస్తే, బిడ్డ కళ్లు నా చెయ్యి వెంట తిరుగుతున్నాయి. చెయ్యి గిన్నెలోకి పోతే కళ్లు గిన్నెలోకి, నోటికి వస్తే నోటికి. నేను నమిలితే అది తన చిన్న దవడ ఆడించింది. నేను నోరు తెరిచాను. అదీ తెరిచింది. అన్నాళ్లుగా ముక్కు మూస్తే తప్ప తెరుచుకోని నోరు అది.

ఇంతలో పోలమ్మ వచ్చింది. బిందె అక్కడే దించేసి, పరుగున వచ్చి కొంగుతో బిడ్డ మొహం కప్పేసింది. "ఏంది నర్సమ్మా ఈ పని! బిడ్డ ముందర గూడు దింటారా ఎవురన్నా? దిష్టి తగలదా?"

"నేను తింటే నాకు గదా అవ్వా తగలాల్సింది?"

"మీ దేవుడికి దిష్టి లేదేమో," అంది నా మెళ్లో శిలువ వంక చూసి. "మాకుండాది."

అప్పుడు చెప్పింది, నిలబడే చెప్పింది. సుబ్బులుకు గంగకన్నా ముందు ఒక మొగబిడ్డ. వాడికి అన్నం ముట్టించే రోజు పాలెమంతా వచ్చింది. అందరి మధ్యా కూర్చోబెట్టి పాయసం నాకిస్తే లొట్టలేసి తిన్నాడట. "ఎవురో అన్నారు, అబ్బ, భలే తింటన్నాడే అని. అంతే. ఆ వారంలోనే వాంతులు, విరేచనాలు. నా చేతుల్లోనే పొయినాడు." అందుకని ఈ బిడ్డ పుట్టినప్పుడే పోలమ్మ కట్టడి చేసింది. బిడ్డ తినేది ఎవరూ చూడకూడదు. బిడ్డ చూస్తుండగా ఎవరూ తినకూడదు, ఆ కూటి దిష్టి తిరిగి బిడ్డకే తగులుతుందట. కొడుకు వేటకు పోతూ చీకటితోనే తినిపోతాడు. సుబ్బులు, తను పెరట్లో గోడవైపు తిరిగి తింటారు.

"గంగ పుట్టినకాడ్నించీ అంతేనా?"

"పుట్టినకాడ్నించీ అంతే."

 ఆ బిడ్డ పుట్టిన తర్వాత ఒక మనిషి అన్నం తినడం చూడలేదు. కూడు అంటే దానికి చీకటి మూల, మొహం మీద చీర, ముక్కు మూసే చెయ్యి. అది మనుషులు ఇష్టంగా తినే వస్తువని ఎట్లా తెలుస్తుంది? ఆ ఇంట్లో అందరూ ఆ బిడ్డను ప్రాణంగా చూసుకున్నారు, అందుకే తమ తిండి దాచారు.

సెంటరుకు వచ్చి డాక్టరు గారికి చెబితే కళ్లజోడు తీశారు. "మా పాపాయి ఉన్నప్పుడు మా అమ్మ కూడా తలుపేసుకునే తింటుంది" అన్నారు. "నా మాట నా ఇంట్లోనే సాగదు. ఆ ముసలామెకు నువ్వేం చెబుతావు?"

ఒప్పందం

ఏం చెప్పాలో తెలియకుండానే మళ్లీ వెళ్లాను. దిష్టి లేదని వాదించలేదు. పోలమ్మ చేతుల్లో పోయిన మనవడి ముందు నా పుస్తకాల చదువు నిలవదు.

"అవ్వా, బిడ్డ ఎదురుగా కూర్చుని నువ్వు తినాలి," అన్నాను. "నువ్వే. ఇంకెవరూ వద్దు."

"తింటే ఏం గాదని మాటిస్తావా?"

ఇచ్చేద్దామనే అనిపించింది. ఒక్క మాటతో పని అయిపోతుంది. కానీ ఆ ఎండిన జబ్బలు చూస్తూ మాటివ్వడానికి నోరు రాలేదు. "ఇవ్వలేనవ్వా. ఇట్లాగే ఉంటే మాత్రం బిడ్డ దక్కదు. అది ఖాయంగా చెప్పగలను."

పోలమ్మ లేచింది. మెడమీద చెమట తుడుచుకుంది. లోపలికి పోయి కాటుక తెచ్చి గంగ బుగ్గన ఇంత చుక్క పెట్టింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు కమ్మి ముగ్గురం దగ్గాం. తలుపు వేసి, నన్ను లోపలే కూర్చోమంది. అప్పుడు సంగటి ముద్ద తెచ్చుకుని బిడ్డ ఎదురుగా కూర్చుంది.

ఆ మొదటిసారి ఆమె సరిగ్గా తినలేకపోయింది. ఒక్కొక్క ముద్దకీ నీళ్లు తాగుతోంది. మాటిమాటికీ బిడ్డ ఒళ్లు తాకి జ్వరముందేమో చూస్తోంది. నా అధికారులెవరైనా ఆ గదిలో ఉంటే మిరపకాయలు చూసి మందలించేవాళ్లు. నాకు ఆ ముసలామె ధైర్యం చూసి ఏడుపొచ్చింది. బిడ్డను తనే చంపుకుంటున్నానేమో అనుకుంటూ తిన్న కూడు అది.

గంగ చూసింది. చూసి ఊరుకుంది. తర్వాత వెళ్లినప్పుడూ చూసి ఊరుకుంది. త్రాసు ముల్లు పైకి పోలేదు. సుబ్బులు పాలు తగ్గిపోతున్నాయి. నేను చాలా వారాలు ఆ కాలువ దాటుతూ, ఇవాళ ఆ ఇంట్లో ఏడుపులు వినపడతాయేమో అనుకుంటూ నడిచాను.

చేరబోయేవాళ్లకు

ఇక్కడ ఆగి ఆ అమ్మాయికి కొన్ని మాటలు చెప్పాలి, తర్వాత మరిచిపోతాను.

బిడ్డను పడుకోబెట్టి ఏదీ పోయనివ్వకు. కూర్చోబెట్టమను, ఒళ్లోనైనా సరే. గిన్నెలో చెయ్యి పెట్టి పాడు చేస్తే చేయనివ్వమను. తినను అన్నప్పుడు ఆపేయమను, కాసేపటికి మళ్లీ పెట్టమను. మెత్తటి ముద్ద నోట్లో పెట్టుకుని బిడ్డ ఓకరిస్తే అందరూ కంగారుపడి నోట్లో వేలు పెడతారు, దాంతో ముద్ద లోపలికి పోతుంది. దగ్గుతూ శబ్దం చేస్తోందంటే ఊపిరి ఆడుతున్నట్టే. శబ్దం ఆగిపోయి మొహం నల్లబడితే అప్పుడు బోర్లా తిప్పి వీపు చరచాలి. ఈ తేడా ప్రతి ఇంట్లో చెప్పు, విసుగొచ్చినా చెప్పు. ఉప్పు మిరపకాయలు తిప్పుకుంటే తిప్పుకోనీ, అవి బిడ్డ కడుపులోకి పోవు.

ఇవన్నీ చెప్పినా కొందరు బిడ్డలు దక్కరు. నాకు దక్కనివాళ్ల పేర్లు ఇప్పటికీ తెల్లవారుజామున గుర్తొస్తాయి. దానికి మందు నేను కనుక్కోలేదు. నీకూ దొరుకుతుందని చెప్పి మోసం చేయను.

సొర చేప పడిన రోజు

పోలమ్మ కొడుకు వలలో మంచి సొర పడింది. సొర వండితే తల్లికి పాలు పడతాయని మా వైపు నమ్మకం, సుబ్బులు కోసం కూర చేశారు. నేను వెళ్లేసరికి పోలమ్మ పొద్దుటినుంచీ ఏమీ తినక ఆకలి మీద ఉంది. చుక్క పెట్టింది, మిరపకాయలు తిప్పింది, సంగటి, సొర కూర పెట్టుకుని కూర్చుంది. ఆ ఆకలిలో బిడ్డ సంగతి మరిచిపోయింది. వేళ్లు నాక్కుంటూ, ముద్ద కూరలో అద్దుకుంటూ, తల వంచుకుని తిన్నది. మనిషి అంత ఇష్టంగా కూడు తినడం నేను కూడా చూసి చాలా రోజులైంది.

గంగ చాప మీంచి జరిగింది. పాక్కుంటూ వచ్చి పళ్లెం అంచు పట్టుకుంది. చెయ్యి సంగట్లో గుచ్చింది. చూసుకుంది. నోట్లో పెట్టుకుంది.

వెంటనే ఓకరించింది. మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పోలమ్మ "నా తల్లే!" అని అరిచి నోట్లో వేలు పెట్టబోయింది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "దగ్గుతా ఉంది గదవ్వా, దగ్గనీ. ఊపిరి ఆడతా ఉంది." నా చేతిలో ఆమె చెయ్యి గింజుకుంటోంది. నాకూ భయమే, ఆ సంగతి ఆమెకు తెలియనివ్వలేదు. గంగ ఇంకోసారి దగ్గి, ముద్ద ముందుకు తెచ్చుకుని, నాలుకతో అటూ ఇటూ తిప్పి, మింగింది. మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టింది.

మేమిద్దరం కదల్లేదు. మాట్లాడితే అది ఆపేస్తుందేమోనని భయం. గంగ తిన్నదెంత, పారేసిందెంత అంటే చెప్పలేను. మొహానికంతా సంగటి పూసుకుంది, కాటుక చుక్క చెరిగి గడ్డం దాకా కారింది. చివరికి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు చప్పరించి, బయటికి తీసింది. వాళ్ల నాయనమ్మ మొహం వంక చూసింది. ఆ ఎంగిలి ముద్ద ఎత్తి ఆమె పెదాలకు ఆనించింది.

పోలమ్మ నా వైపు చూసింది, ఏం చేయమంటావన్నట్టు. బిడ్డ ముద్దను ఇంకా గట్టిగా నొక్కింది. ఆమె నోరు తెరిచింది. గంగ కూడా తనది తెరిచి, ఆమె మింగేదాకా అట్లాగే చూసి, నవ్వింది. ఆ బిడ్డ నవ్వగా నేను చూడడం అదే మొదలు.

పోలమ్మ ఎంగిలి చెయ్యి అట్లాగే ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. దిష్టి అనలేదు, మొహం కప్పలేదు. "పెండ్లి అయినకాడ్నించీ అందురూ దిన్నాక, గోడకి దిరిగి దిన్నదాన్నే నర్సమ్మా," అంది. "మా యమ్మ నోట్లో బెట్టిందేమో, నాకు గ్యాపకం లేదు. ఇంకెవురూ బెట్టలా."

రేవులో పడవ పోయే వేళయింది. నేను త్రాసు విప్పలేదు. పోలమ్మ లేచి చేతులు కడుక్కుని, నా ముందు ఒక పళ్లెం పెట్టి, సంగటీ సొర కూరా వడ్డించింది. తలుపు బార్లా తీసి వచ్చి, మాతో పాటు కూర్చుంది.